చూడటం కూడా ఒక చదువే

సినిమా చూడటానికి చదువెందుకు? టిక్కెట్టు కొన్నామా, కూర్చున్నామా, చూశామా, బయటికొచ్చామా, అంతే కదా! కళ్లున్న ప్రతివాడికీ సినిమా తెలుసుననే మనమంతా అనుకుంటాం. ఈ మాట ఒప్పుకోని మాస్టారు ఒకాయన ఉండేవారు. పేరు సతీష్ బహదూర్. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1963 నుంచి 1983 దాకా ఇరవై ఏళ్లు ఆయన పాఠాలు చెప్పారు. కెమెరా పట్టడం గురించి కాదు, నటన గురించి కాదు, ఎడిటింగ్ గురించీ కాదు. సినిమాని ఎలా చూడాలో చెప్పడమే ఆయన పని. ఉద్యోగం నుంచి దిగిపోయిన తర్వాతా ఆ పని మానలేదు. 2010లో కన్నుమూశారు. చూసిన సినిమానే మళ్లీ చూడటం, దాన్ని మళ్లీ కొత్తగా చెప్పడం, జీవితమంతా ఆయన చేసింది ఇదే.

పుణె మాస్టారి సంగతి ఎడారి దేశాల్లో ఇనుము వంచేవాళ్లకు, కేబుళ్లు లాగేవాళ్లకు, పరాయి ఇళ్లల్లో గిన్నెలు తోమేవాళ్లకు ఎందుకని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. దానికి జవాబే ఈ నాలుగు మాటలు.

ఆగ్రా నుంచి పుణె దాకా

సతీష్ బహదూర్ మొదట సినిమా మాస్టారు కాదు, ఆగ్రాలో అర్థశాస్త్రం చెప్పే లెక్చరర్. సినిమాల పిచ్చి మాత్రం గట్టిగానే ఉండేది. 1950ల్లో అక్కడ ఒక ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ఫిల్మ్ సొసైటీ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. బజారు హాళ్లలో ఆడని మంచి సినిమాలను చూడాలనుకున్నవాళ్లు తలా కొంత చందా వేసుకుని, ఎక్కడినుంచో ప్రింటు తెప్పించుకుని, ప్రొజెక్టరు పెట్టుకుని, చూసి మాట్లాడుకునే సంఘం అది. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వంటివాళ్లు కలకత్తాలో 1947లోనే అలాంటిది ఒకటి పెట్టారు. 1952లో మన దేశంలో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగింది. ఇటలీ నుంచి, జపాన్ నుంచి వచ్చిన సినిమాలు చూసి మనవాళ్లు నోరు తెరిచారు. స్టూడియో గోడలు దాటి, వీధుల్లో, మామూలు మనుషులతో కూడా సినిమా తీయొచ్చని అప్పుడు తెలిసింది. బిమల్ రాయ్ తీసిన 'దో బిఘా జమీన్' వెనక ఉన్నది ఆ ఉత్సవంలో చూసిన 'బైసికిల్ థీవ్స్' ప్రభావమే.

ఆ రోజుల్లోనే మేరీ సీటన్ అనే ఆంగ్ల రచయిత్రి మన దేశానికొచ్చి, ఊరూరా తిరిగి సినిమా గురించి ఉపన్యాసాలిచ్చారు. సత్యజిత్ రాయ్ మీద 1971లో వచ్చిన ప్రసిద్ధ పుస్తకం ఆమె రాసిందే. ఇలాంటి గాలి వీస్తున్న కాలంలో ఆర్థశాస్త్రం మాస్టారు సినిమా మాస్టారయ్యారు. పుణెలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. అక్కడికి ఆయన 1963లో వెళ్లారు. మరుసటేడు, అంటే 1964లో, పుణెలోనే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది. అక్కడ పి.కె. నాయర్ అనే ఇంకొక సినిమా పిచ్చాయన దేశమంతా గాలించి పాత రీళ్లు పోగుచేశారు. ఒకాయన దాచి పెట్టేవారు, ఇంకొకాయన విప్పి చెప్పేవారు. అదూర్ గోపాలకృష్ణన్, గిరీష్ కాసరవల్లి లాంటి దర్శకులు ఆ ఆవరణలో చదువుకుని వెళ్లినవాళ్లే.

ఆయన పాఠం చెప్పే తీరు గురించి కూడా చెప్పుకోవాలి. సతీష్ బహదూర్ పేరెత్తగానే సినిమావాళ్లకు గుర్తొచ్చేది 'పథేర్ పాంచాలీ'. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన ఈ బెంగాలీ సినిమాను ఆయన ముక్కముక్కగా విడదీసి చూపించేవారు. కెమెరా ఇక్కడే ఎందుకు పెట్టారు? మనిషి ముఖం ఎందుకు చూపించలేదు? ఈ చప్పుడు ఎక్కడినుంచి వస్తోంది? ఇందాక కనిపించిన వస్తువు మళ్లీ ఎందుకు కనిపించింది? ఇలాంటి ప్రశ్నలకు తెరమీదే జవాబు వెతికించడం ఆ చదువు పద్ధతి. పొలం దున్నేవాడికి మట్టిని చూస్తే పదును తెలుస్తుంది, తాపీ మేస్త్రికి గోడను చూస్తే వంకర తెలుస్తుంది. సినిమా చూడటమూ అలా అలవాటు మీద వచ్చేదే. పుట్టుకతో రాదు, డిగ్రీతోనూ రాదు.

హెగ్గోడు రైతులు చూపిన దారి

"అదంతా పెద్ద చదువులవాళ్ల ముచ్చట, మనలాంటోళ్లకు ఎక్కదు" అనేవాళ్లకు మేము చెప్పదలుచుకున్నది హెగ్గోడు సంగతి.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకాలో హెగ్గోడు ఒక చిన్న పల్లె. చుట్టూ వక్క తోటలు. అక్కడ కె.వి. సుబ్బణ్ణ అనే ఆయన 'నీనాసం' అనే నాటక సంస్థను నడిపారు. 1991లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు కూడా వచ్చింది. 1970ల చివర్లో ఆయనకొక ఆలోచన కలిగింది. ప్రపంచంలో గొప్పవని పేరుపడ్డ సినిమాలను మా ఊరి రైతులకు ఎందుకు చూపించకూడదు? పుణె ఆర్కైవ్ నుంచి ప్రింట్లు తెప్పించారు. 'పథేర్ పాంచాలీ', 'బైసికిల్ థీవ్స్', జపాన్ వాళ్ల 'రషోమాన్' లాంటివి ఆ పల్లెలో ఆడాయి. ఆ ఊళ్లో బెంగాలీ ఎవరికి వస్తుంది? ఇటాలియన్, జపనీస్ ఎవరికి వస్తాయి? అయినా జనం వచ్చారు, కూర్చున్నారు, చూశారు, మాట్లాడారు. ఆ ఊళ్లో సినిమా పాఠాలు చెప్పడానికి పుణె నుంచి వెళ్లినవాళ్లలో మన సతీష్ బహదూర్ ఉన్నారు, నాయర్ ఉన్నారు. నాయర్ జీవితం మీద 2012లో వచ్చిన 'సెల్యులాయిడ్ మ్యాన్' డాక్యుమెంటరీలో హెగ్గోడువాళ్లు ఏళ్ల తర్వాత కూడా ఆ సినిమాలను తలుచుకుంటారు.

వక్కలు వలిచే చేతులకు అర్థమైన సినిమా, సిమెంటు కలిపే చేతులకు అర్థం కాకుండా పోతుందా? భాష రాకపోయినా సైకిలు పోయినవాడి ముఖం అందరికీ అర్థమవుతుంది. మనం వచ్చిన దేశంలో మాత్రం మనకు భాష వచ్చా? మొదటి ఆరు నెలలు ఫోర్‌మన్ ముఖం చూసి, చేతి సైగ చూసి పని నేర్చుకోలేదా? ముఖాలు చదవడం వలస మనిషికి వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇవి మన కథలే

పాత గొప్ప సినిమాల జాబితా తీస్తే ఒక సంగతి బయటపడుతుంది. వాటిలో చాలా భాగం వలస కథలే. అప్పు, భూమి, ఊరు వదలడం, నగరంలో మోసపోవడం, ఇంటికి డబ్బు పంపడం. దుబాయి, కువైట్, మస్కట్ అనే పేర్లు లేవు గానీ లోపల ఉన్నది మనమే.

'దో బిఘా జమీన్' 1953లో వచ్చింది. శంభూ అనే రైతుకున్నది రెండు బిఘాల పొలం. జమీందారుకు అక్కడ మిల్లు పెట్టాలని ఉంది. తన లెక్కలో అరవై అయిదు రూపాయలున్న అప్పు జమీందారు లెక్కలో రెండు వందల ముప్పై అయిదవుతుంది. కోర్టు మూడు నెలల గడువిస్తుంది. శంభూ కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో బోరు వేసి నీళ్లు పడక, వడ్డీకి వడ్డీ పెరిగి, ఏజెంటుకు ఇంకో అప్పు చేసి విమానం ఎక్కినవాళ్లకు ఈ లెక్క ఎవరైనా విడమరిచి చెప్పాలా? శంభూ వేషం వేసిన బలరాజ్ సాహ్నీ ఆ పాత్ర కోసం కలకత్తా వీధుల్లో నిజంగానే రిక్షా లాగడం నేర్చుకున్నారు. చివర్లో ఆ పొలం చుట్టూ కంచె ఉంటుంది, లోపల మిల్లు లేస్తుంటుంది. శంభూ తన మట్టిని ఒక గుప్పెడు తీసుకోబోతే కాపలావాడు అది కూడా వదిలించి పంపేస్తాడు. సినిమా చూసి ఏడవడం వేరు. ఆ గుప్పెడు మన్నుతోనే సినిమా ఎందుకు ముగించారని ఆలోచించడం వేరు. ఆ రెండో పనే సతీష్ బహదూర్ చెప్పిన చదువు.

'బైసికిల్ థీవ్స్' 1948 నాటిది. ఆంటోనియోకు గోడలమీద పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది, కానీ సైకిలుంటేనే పని. భార్య ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. మొదటిరోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. వీసా కోసం పుస్తెలతాడు కుదువబెట్టిన ఇల్లాలు మన ఊళ్లల్లో ఎంతమంది! ఆ సినిమాలో ఆంటోనియోగా చేసిన మనిషి కూడా నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా ప్రపంచమంతా ఆడింది. ఆయన ఫ్యాక్టరీ పని మాత్రం ఆ తర్వాత పోయింది. తెరమీద పేదవాడికి చప్పట్లు కొట్టే లోకం తెర బయట పేదవాణ్ణి ఎలా చూస్తుందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలదా?

ఇక 'పథేర్ పాంచాలీ'. ఇంటాయన హరిహర్ సంపాదన కోసం ఊరు వదిలి పోతాడు. ఉత్తరాలు ఆలస్యంగా వస్తాయి. ఇక్కడ ఇల్లు కూలిపోతూ ఉంటుంది, గిన్నెలు అమ్ముకుంటూ ఇల్లాలు సర్బజయ పిల్లల్ని సాకుతుంటుంది. కూతురు దుర్గ తొలివానలో తడిసి, జ్వరంతో ఒక గాలివాన రాత్రి చనిపోతుంది. తండ్రికి తెలియదు. కొన్నాళ్లకు చేతిలో నాలుగు డబ్బులతో, సంచితో తిరిగొస్తాడు. సంచిలోంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తాడు: చపాతీ పీట, కర్ర, లక్ష్మీదేవి పటం, ఆఖరుకు దుర్గ కోసం తెచ్చిన చీర. ఆ చీర చూడగానే అంతసేపు రాయిలా ఉన్న తల్లి కుప్పకూలుతుంది.

ఇక్కడ రాయ్ చేసిన పని ఒకటుంది. ఆ తల్లి నోరు తెరిచి ఏడుస్తుంది గానీ ఆమె ఏడుపు మనకు వినపడదు. దానికి బదులు తార్ షెహనాయి అనే వాద్యం పై స్వరంలో వినిపిస్తుంది. ఏడుపే వినిపిస్తే అది సర్బజయ ఒక్కదాని ఏడుపు అయ్యేది. వాద్యం వినిపించేసరికి చూసేవాడు తన ఏడుపును అందులో పెట్టుకోవడానికి చోటు దొరికింది. ఎడమైనవాళ్ల చావు కబురు ఫోన్లో విని, టిక్కెట్టు దొరక్క, పాస్‌పోర్టు చేతిలో లేక, సెలవు ఇవ్వక, ఇమోలోనో బొటిమ్‌లోనో అంత్యక్రియలు చూసినవాళ్లు మన క్యాంపుల్లో ప్రతి వరుసలో ఉన్నారు. పక్కన పదకొండు మంది నిద్రపోతుంటే నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. వినపడని ఏడుపు అంటే ఏమిటో వాళ్లను మించి ఏ విమర్శకుడు చెప్పగలడు? అందుకే మేమంటాం, ఈ సినిమాను మనం చూడటం ఎవరో మనకు చేసే ఉపకారం కాదు, దాన్ని చూడటానికి అందరికన్నా అర్హత ఉన్నది మనకే.

మన తెలుగులోనూ ఇలాంటివి లేకపోలేదు. ప్రేంచంద్ 'కఫన్' కథ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులోనే 'ఒక ఊరి కథ' తీశారు. గౌతం ఘోష్ 'మా భూమి'లో పల్లె వదిలి హైదరాబాదు చేరిన రామయ్య మళ్లీ తన మట్టికోసం తిరిగొస్తాడు. బి. నర్సింగరావు 'దాసి' 1988లో అయిదు జాతీయ అవార్డులు తెచ్చింది. గడీలో అడ్డమైన చాకిరీ చేసే ఆడమనిషి కథ అది. కువైట్‌లో, సౌదీలో నాలుగు గోడల మధ్య పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడపడుచులు చూస్తే అది పాత కథ అనిపించదు. ఆయనదే 'మట్టి మనుషులు' ఊరు విడిచి పట్నంలో ఇళ్ల కట్టుబడి పనికొచ్చిన ఆలుమగల కథ. ఇవి ఎంతమందిమి చూశాం?

చూపించనిదే అసలు సంగతి

ఈ చదువు ఉత్త కాలక్షేపానికే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. దీని అవసరం మన బతుకుదెరువులోనే ఉంది.

తెరమీద ఏమి కనిపిస్తోందని మాత్రమే కాదు, ఏమి కనిపించడం లేదని కూడా అడగాలి. సినిమా చూడటం నేర్చినవాడి మొదటి లక్షణం ఇదే. ఇప్పుడు ఈ ప్రశ్నను చేతిలోని ఫోనుకు తిప్పి చూడండి. వీసా ఏజెంటు పంపే వీడియోలో ఎత్తయిన బిల్డింగు ఉంటుంది, తళతళలాడే రోడ్డు ఉంటుంది, నవ్వే మనిషి ఉంటాడు. గది ఉండదు. గదిలో ఎన్ని మంచాలో ఉండదు. కంపెనీ పేరు ఉండదు. కాంట్రాక్టు కాగితం కనిపిస్తుంది గానీ చదవడానికి వీలున్నంత దగ్గరగా ఉండదు. వెనక పాట మాత్రం పెద్దగా వినిపిస్తుంది. ఆ పాట ఎందుకు పెట్టాడు? కెమెరా ఇటే ఎందుకు తిరిగింది? అటు తిప్పితే ఏముంది? ఈ మూడు ప్రశ్నలు అడగడం అలవాటైన కుర్రాడు డబ్బు కట్టేముందు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఏజెంటుకు లైసెన్సుందా, ఇచ్చేది విజిట్ వీసానా పని వీసానా, జీతం కాగితంలో ఎంత, రసీదు ఇస్తావా అని.

ఇంకొంచెం ఒప్పుకోవలసిన సంగతి కూడా ఉంది. మనం ఇంటికి పంపే ఫోటోలూ అలాంటివే. బుర్జ్ ఖలీఫా ముందు నిలబడతాం, మాల్‌లో నిలబడతాం, కొత్త చొక్కా వేసుకుంటాం. బంకు మంచం ఫ్రేములోకి రానివ్వం. ఇంట్లోవాళ్లు బెంగపడకూడదని చేస్తాం, అది ప్రేమే. హరిహర్ ఉత్తరాల్లోనూ అంతే, బాధలకన్నా భరోసాయే ఎక్కువ. కాని ఆ ఫోటో చూసి ఊళ్లో తమ్ముడు ఏమనుకుంటాడు? అన్న దర్జాగా ఉన్నాడు, నేనూ పోతానంటాడు. అలా ఒకరి ఫోటో ఇంకొకరి అప్పు అవుతుంది. దీనికి మందు ఫోటోలు మానడం కాదు. ఫోటోలో లేనిది కూడా తమ్ముడికి నోటితో చెప్పడం.

"డ్యూటీ చేసి వచ్చినోడికి ఇవేం సినిమాలు?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఎండలో పన్నెండు గంటలు కాలి, బస్సులో గంటన్నర కూర్చుని, మెస్‌లో వరుసలో నిలబడి, బట్టలు ఉతుక్కుని పడుకునేవాడికి ఏడుపు సినిమా ఎందుకు? ఫైట్లు, పాటలు, నాలుగు జోకులు కావాలి. ఆ కోరిక తప్పని మేము అనడం లేదు. నచ్చిన హీరో సినిమాకు ఈల వేసే హక్కు ఎవరూ తీసేయలేరు.

అయితే గొప్ప సినిమా అంటే ఏడుపు సినిమా అని ఎవరు చెప్పారు? 1957 నాటి 'మాయాబజార్' గొప్ప సినిమా కాదా? మన తాతలు, తండ్రులు, మనం, మన పిల్లలు నాలుగు తరాలు నవ్వుకున్న సినిమా అది. దాన్నే ఒకసారి మాస్టారి కళ్లతో చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక సావిత్రి నడక గమనించండి. చీర అదే, ముఖం అదే, కాని అడుగు మగవాడి అడుగు, చూపు రాక్షసుడి చూపు, మళ్లీ అంతలోనే ఆడపిల్ల సిగ్గు. తెరమీద ఉన్నది ఆడమనిషి, ఆమెలో కనిపించేది ఎస్వీ రంగారావు! కంప్యూటర్లు లేని రోజుల్లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టి తెరమీద వెన్నెల కాయించిన తీరు చూడండి. వందసార్లు చూసిన సినిమా నూట ఒకటోసారి కొత్తగా కనిపిస్తుంది.

చార్లీ చాప్లిన్ 1917లోనే 'ది ఇమిగ్రెంట్' అనే చిన్న సినిమా తీశాడు. అరగంట కూడా ఉండదు. మాటలు లేవు కాబట్టి తెలుగువాడికీ, బంగ్లాదేశీకీ, నేపాలీకీ ఒక్కలాగే అర్థమవుతుంది. ఓడలో ఊగుతూ కొత్త దేశానికి వచ్చినవాళ్లకు దూరాన స్వేచ్ఛా విగ్రహం కనిపిస్తుంది. ఆ వెంటనే అధికారులు వాళ్లను తాడు కట్టి పశువుల్లా ఒక పక్కకు నెడతారు. నవ్వు ఆగదు, ఆ నవ్వులోనే ఏదో గుచ్చుకుంటుంది. ఎయిర్‌పోర్టులో గంటలకొద్దీ నేలమీద కూర్చున్నవాడికి అది ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు.

ఇంకొకరు అంటారు, సినిమా చూస్తే ఆగిన జీతం వస్తుందా, అకామా రెన్యూవల్ అవుతుందా? రాదు, కాదు. దానికి ఎంబసీ ఉంది, లేబర్ కోర్టు ఉంది, పోరాటం ఉంది. సినిమాకు అంత శక్తి ఉందని మేమూ అనం. కాని తనకు జరిగినదానికి పేరు పెట్టి చెప్పలేనివాడు ఫిర్యాదు కూడా రాయలేడు. "నా ఖర్మ" అని ఊరుకుంటాడు. శంభూ కథ చూసి, ఇది ఒక్కడి ఖర్మ కాదు, లెక్కలో ఉన్న మోసం అని నలుగురు మాట్లాడుకుంటే, ఆ మాట తమ సంగతికి కూడా పనికొస్తుంది.

గదిలో పన్నెండు మంది, పన్నెండు తెరలు

ఒకప్పుడు గదికొక్క టీవీ, ఒక్క వీసీఆర్ ఉండేవి. ఆ తర్వాత డీవీడీలు వచ్చాయి. సెలవు రోజు బజారు నుంచి ఒక క్యాసెట్టు తెస్తే గది గదంతా చూసేది. సౌదీలో అయితే 2018 ఏప్రిల్ దాకా సినిమా హాళ్లే తెరుచుకోలేదు, అందువల్ల గదే హాలు. కొట్లాటలూ ఉండేవి, నా హీరో నీ హీరో అని. అయినా సినిమా అయిపోయాక మాట ఉండేది. ఇప్పుడు గదిలో పన్నెండు మంది, పన్నెండు ఫోన్లు, పన్నెండు జతల ఇయర్ ఫోన్లు. ఒకడు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నాడో పక్కవాడికి తెలియదు. ఒకడు మూడు రోజులుగా తిండి మానేస్తే కూడా ఎవరికీ తెలియడం లేదు. మనల్ని తినేస్తున్నది ఎండ ఒక్కటే కాదు, ఈ ఒంటరితనం కూడా.

అందుకే మేము చెప్పేది చిన్న పని. శుక్రవారమో ఆదివారమో, ఉన్న సెలవుల్లో నెలకు ఒక్క పూట, ఒక్క సినిమా గదంతా కలిసి చూడండి. మెస్ హాలు వాడుకోవాలంటే క్యాంపు బాస్‌ను అడిగి పెట్టుకోండి. డబ్బులు వసూలు చేయొద్దు, దొంగ కాపీల జోలికి పోవద్దు. సినిమాకు ముందు ఒకరు రెండు నిమిషాల్లో కథ చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలు చదవలేనివాళ్లకు, చదవగలిగినవాడు పక్కన కూర్చుని చెప్పాలి. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు మన దేశంలో ఉండేవాళ్లే, కొత్తేమీ కాదు. అయిపోయాక లైటు వేసి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: మీకు గుర్తుండిపోయింది ఏది? ఎవరు ఏది చెప్పినా నవ్వకూడదు. అంతే. చదువు వచ్చినవాడే మాట్లాడాలని లేదు. హెగ్గోడులో మాట్లాడినవాళ్లు ప్రొఫెసర్లు కాదు.

ఇళ్లల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకు ఈ సౌకర్యం లేదని మాకు తెలుసు. సెలవే లేనివాళ్లకు సెలవు రోజు సినిమా ఏమిటి! వాళ్లు ఇల్లంతా పడుకున్నాక ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూసుకోవాల్సిందే. కనీసం ఇద్దరు స్నేహితురాళ్లు ఒకే సినిమా చూసి, తర్వాత ఫోన్లో దాని గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నా చాలు. వేరే వేరే ఇళ్లల్లో ఉన్నా ఒక్కచోట కూర్చున్నట్టే ఉంటుంది.

దాచినవాళ్ల రుణం

చివరగా ఒక్క సంగతి. 'పథేర్ పాంచాలీ' నెగటివ్ 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఇక పనికిరాదనుకున్న ఆ కాలిన రీళ్లను పారేయకుండా దాచారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు వాటిని ఓపికగా బాగుచేశారు. 2015లో ఆ సినిమా మళ్లీ కొత్తదానిలా తెరమీదికి వచ్చింది. కాలిన ఫిల్ముకు అన్నేళ్లు సేవ చేసినవాళ్లు ఉన్నారు. దాన్ని దాచినవాళ్లు ఉన్నారు. దాని అర్థం చెప్పడానికే జీవితం ఇచ్చిన మాస్టారు ఉన్నారు. ఇంతమంది కష్టపడి కాపాడింది మన ఫోన్లోకి వచ్చి చేరితే, దాన్ని వేలితో పైకి తోసేసి ఇంకో రీలుకు పోవడం మన చేతుల్లో పనే. ఆగి చూడటం కూడా మన చేతుల్లో పనే.

సతీష్ బహదూర్ క్లాసులో కూర్చునే అదృష్టం మనకు దొరకలేదు. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గేటు మన బతుకులకు చాలా దూరం. కాని ఆ మాస్టారి ప్రశ్నలకు వీసా అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. వచ్చే సెలవు రోజున మీ గదిలో ఎవరో ఒకరు ఫోను టీవీకి తగిలించి, "ఇయ్యాళ అందరం కలిసి ఒకటి చూద్దాం రాండ్రి" అంటే చాలు. ముందు 'మాయాబజార్'తో మొదలుపెట్టండి. నెల తిరిగాక శంభూ దగ్గరికి పోదాం. దుర్గ చీర చూడటానికి మాత్రం ఒంటరిగా కూర్చోవద్దు, పక్కన ఒక మనిషిని పెట్టుకోండి.